మన బట్టల మీద పడని మసి ఎవరి మీద పడుతోంది?

ఇది కొంచెం పొడవైన పోస్టు. తీరిక చేసుకుని చివరిదాకా చదవమని మనవి. చదివాక మాతో ఏకీభవించకపోయినా పరవాలేదు, ఎందుకు ఏకీభవించడం లేదో మాత్రం రాయండి.

పోయిన ఆదివారం నెలవారీ సమావేశంలో ఒక తీర్మానం ముందుకొచ్చింది. చెన్నై, ఎన్నూరు రేవుల్లో పొగ, దుమ్ము తగ్గించడం గురించీ, తుఫానుల నుంచి రక్షణ గురించీ సంఘం తరఫున ఒక వినతిపత్రం ఇవ్వాలని. పది నిమిషాల్లో తేలిపోతుందనుకున్నది గంటన్నర నడిచింది. ఉగాది కార్యక్రమం మాట, పిల్లల తెలుగు తరగతుల మాట రెండూ వచ్చే నెలకు వాయిదా పడ్డాయి.

హార్బరులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన లేచి, "నాయనా, హార్బరు మనకు అన్నం పెట్టింది. దాని మీద అర్జీ రాయడానికి చెయ్యెలా వస్తుంది?" అన్నారు. చాలామంది తలూపారు. వెనక వరసలో కూర్చున్న, ఎన్నూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి లేచి నిలబడింది. "మీ వీధిలో దుమ్ము తగ్గిందంటే మాకూ సంతోషమే తాతయ్యా. అది ఎటు పోయిందో ఈ సంఘంలో ఎప్పుడైనా ఎవరైనా అడిగారా?" అంది.

ఎవరూ అడగలేదు. మా కమిటీ కూడా అడగలేదు. ఆ అమ్మాయి ప్రశ్నకు ఆరోజు మా దగ్గర జవాబు లేకపోయింది. వారం రోజులు మాలో మేము మాట్లాడుకుని, పాత కాగితాలు తిరగేసి, ఇప్పుడు రాస్తున్నాం.

ముందు మనం ఎవరమో ఒకసారి గుర్తు చేసుకుందాం. నెల్లూరు నుంచి, చిత్తూరు నుంచి, ఒంగోలు వైపు నుంచి మన తాతలు, ముత్తాతలు పట్నం వచ్చారు. కొందరు వ్యాపారానికి, కొందరు మూటలు మోయడానికి, కొందరు వీధులు ఊడవడానికి. జార్జి టౌన్, రాయపురం, చాకలిపేట, తండయార్‌పేట, తిరువొత్తియూరు. మ్యాపు తీసి చూస్తే ఈ పేటలన్నీ రేవును ఆనుకునో, దాని ఉత్తరాననో ఉంటాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది. సరిహద్దు కదిలింది, మనం ఉన్నచోటే ఉన్నాం. రేవు పక్కన ఉన్నాం కాబట్టి రేవు ఇచ్చిన కూలీ మనకొచ్చింది, రేవు వదిలిన దుమ్మూ మనకొచ్చింది. పెద్దాయన మొదటిది గుర్తు చేశారు. ఆ అమ్మాయి రెండోది గుర్తు చేసింది. రెండూ నిజమే.

ఇప్పుడు 2011 సంగతి. అంతకుముందు చెన్నై రేవులో బొగ్గు, ఇనుప ఖనిజం పెద్ద ఎత్తున దిగేవి, ఎక్కేవి. దుమ్ము చుట్టుపక్కల పేటల మీద పడుతోందన్న వ్యవహారం కోర్టుకెక్కింది. మద్రాసు హైకోర్టు ఆ ఏడాది అక్టోబరు నుంచి చెన్నై రేవులో బొగ్గు, ఇనుప ఖనిజం ముట్టుకోవద్దని ఆదేశించింది. దుమ్ము సరుకు ఉత్తరాన ఎన్నూరు రేవుకు మళ్లింది. ఇటు చెన్నై రేవు కంటైనర్లు, కార్లు, నూనెలు వంటి సరుకులకు పరిమితమైంది.

ఆ తీర్పుకు మనం సంతోషించాం. సంతోషించడంలో తప్పేమీ లేదు. డాబా మీద బట్టలు ఆరేసుకోగలగడం, కిటికీ తెరుచుకుని పడుకోగలగడం మనిషికి చిన్న విషయాలు కావు. తప్పు ఎక్కడ జరిగిందంటే, మనం అక్కడితో ఆ విషయం మర్చిపోయాం. బొగ్గు వాడకం ఒక్క బస్తా తగ్గలేదు. ఓడ ఆగే చోటు పాతిక కిలోమీటర్లు జరిగింది, అంతే. మన ఇంటి ముందు చెత్త ఊడ్చి పక్క వీధి మలుపులో పోసి, వీధి శుభ్రమైందని చెప్పుకున్నట్టయింది.

ఎన్నూరు రేవు పుట్టిందే బొగ్గు కోసం. చెన్నై రేవుకు తోడుగా, తమిళనాడు విద్యుత్ కేంద్రాల బొగ్గు దించడానికి కట్టి 2001లో ప్రారంభించారు. తరవాత దానికి కామరాజర్ రేవు అని పేరు పెట్టారు. అక్కడ దిగిన బొగ్గు కన్వేయర్ బెల్టు మీద పక్కనే ఉన్న ఉత్తర చెన్నై థర్మల్ కేంద్రానికీ, 1500 మెగావాట్ల వల్లూరు కేంద్రానికీ పోతుంది. అది కాలాక మిగిలే బూడిద గుంటలు కొసస్థలయారు నది పక్కన ఉన్నాయి. మనలో నగరి వైపు నుంచి వచ్చినవాళ్లకు ఆ నది కుశస్థలిగా తెలుసు. చిత్తూరు కొండల నీళ్లు కలుపుకుని వచ్చే నది అది. ఎన్నూరు కడలిముఖంలో చేపలూ రొయ్యలూ పట్టుకుని బతికే కుటుంబాలు ఆ బూడిద గురించి, పూడిపోతున్న వాగుల గురించి ఏళ్ల తరబడి మొర పెట్టుకుంటూనే ఉన్నాయి. మన పేటల్లో ఆ మొర వినపడలేదు. వినపడేంత దూరంలోనే ఉన్నాం, చెవిన పెట్టలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. ఈ సమూహంలో ఒడిశా సభ్యులు కూడా చాలామంది ఉన్నారు కనుక వాళ్లకు ఇది కొత్త కాదు. ఎన్నూరులో దిగే బొగ్గులో చాలా భాగం ఎక్కడిది? ఒడిశాలో తాల్చేరు గనులది. రైల్లో పారాదీప్ దాకా వస్తుంది, అక్కడ ఓడ ఎక్కుతుంది, ఇక్కడ దిగుతుంది. పారాదీప్‌లో సముద్రం ఒడ్డున ఉన్న చేపల బస్తీల్లో శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి తరాలుగా స్థిరపడ్డ మన తెలుగు బెస్తవాళ్లు ఉన్నారు. అక్కడివాళ్లు వాళ్లను నోలియాలంటారు. ఓడ బయల్దేరే రేవు పక్కన తెలుగువాళ్లు, ఓడ చేరే రేవు పక్కన తెలుగువాళ్లు. ఇటు చివర ఉన్న మనం "దుమ్ము పోయింది" అనుకుంటే, అటు చివర ఉన్నవాళ్లకు అది బయల్దేరుతూనే ఉంది. ఇది తెలిశాక, రేవుల పొగ గురించి మాట్లాడటం మన సంఘానికి సంబంధం లేని విషయమని ఎలా అనగలం?

ఇక లెక్కల దగ్గరికి వద్దాం. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, ఎందుకంటే అసలు మెలిక ఇక్కడే ఉంది.

2023 మే నెలలో కేంద్ర ఓడరేవుల శాఖ "హరిత్ సాగర్" పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం ప్రధాన రేవులు టన్ను సరుకుకు విడుదలయ్యే కర్బనాన్ని 2030 నాటికి 30 శాతం, 2047 నాటికి 70 శాతం తగ్గించాలి. మంచి లక్ష్యమే. అసలు లక్ష్యమే లేని రోజుల కంటే ఇది ఎంతో నయం. కానీ "టన్ను సరుకుకు" అన్న రెండు మాటలు మళ్లీ చదవండి.

మన వీధి మలుపులో టిఫిన్ బండి ఉందనుకుందాం. దోసెకు పది గ్రాముల నూనె పోసేవాడు ఏడు గ్రాములకు తగ్గించాడు. మెచ్చుకోవాల్సిందే, 30 శాతం తగ్గింది. కానీ ముందు పొద్దున్నే వంద దోసెలు పోసేవాడు, ఇప్పుడు రెండు వందలు పోస్తున్నాడు. ముందు కిలో నూనె అయ్యేది, ఇప్పుడు కిలో నాలుగు వందల గ్రాములు. దోసె తినేవాడికి నూనె తగ్గింది. బండి పక్కన ఇల్లున్నవాడికి పొగ పెరిగింది. రేవుల సరుకు పెరగాలనే దేశం కోరుకుంటోంది, పెరుగుతోంది కూడా. అలాంటప్పుడు టన్ను లెక్క ఒక్కటే చూపిస్తే రేవు పక్కన ఉన్నవాళ్లకు పొగ పెరిగిందో తరిగిందో తెలియదు. మొత్తం లెక్క కూడా చెప్పమని అడగాలి.

రెండో మెలిక. 2020లో చెన్నై రేవు కేంద్ర ప్రభుత్వం దగ్గరున్న వాటా కొని, కామరాజర్ రేవుకు పూర్తి యజమాని అయింది. అంటే ఇవాళ రాయపురం ముందున్న రేవు, ఎన్నూరు దగ్గరున్న రేవు ఒకే ఇంటివి. పెద్దకొడుకు సిగరెట్టు మానేశాడు, చిన్నకొడుకు రెండు పెట్టెలు కాలుస్తున్నాడు. ఆ ఇంట్లో పొగ తగ్గిందని ఒప్పుకుంటామా? కాబట్టి రెండు రేవుల లెక్కా ఒక్కచోట, ఒక్క కాగితం మీద కావాలి. మేము పెట్టిన తీర్మానంలో మొదటి కోరిక ఇదే.

మూడో మెలిక గోడ బయట ఉంది. కంటైనర్ లారీల సంగతి మన వీధుల్లో ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు. గేటు దాకా చేరడానికి గంటల తరబడి వరసలో, ఇంజను ఆపీ ఆపకుండా, అంగుళం అంగుళం జరుగుతుంటాయి. డ్రైవరుకు నిద్ర లేదు, ఇంట్లో ఉన్న మనకు గాలి లేదు. రేవు నుంచి మదురవాయల్ దాకా లారీల కోసం పైవంతెన రోడ్డుకు 2009లో శంకుస్థాపన జరిగింది. 2012లో పని ఆగిపోయింది. మళ్లీ 2022లో రెండంతస్తుల వంతెనగా కొత్తగా శంకుస్థాపన చేశారు. సుమారు 20 కిలోమీటర్ల రోడ్డు కోసం ఒక తరం పిల్లలు పుట్టి కాలేజీకొచ్చారు. ఆ మధ్యకాలంలో వరసలో నిలబడి లారీలు తాగిన డీజిలు ఎవరి పద్దులో రాశారు? రేవు పద్దులో కాదంటే లారీ యజమాని పద్దులోనా? చివరికి అది ఈ పేటల్లో ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల పద్దులో పడింది.

నాలుగోది ఓడలు. ప్రపంచం మొత్తం వదిలే వేడి వాయువుల్లో ఓడల వాటా సుమారు 3 శాతం. ఒడ్డుకు కట్టేసిన ఓడ ఊరికే పడుకుని ఉందనుకుంటాం, కానీ లోపల దీపాలకు, పంపులకు, వంటగదికి, చల్లదనానికి కరెంటు కావాలి. దానికోసం ఓడ తన జనరేటర్లు నడుపుతూనే ఉంటుంది. ఒడ్డు నుంచే తీగ లాగి కరెంటు ఇస్తే ఆ జనరేటర్లు ఆపేయొచ్చు. ఐరోపా, అమెరికా, చైనా రేవుల్లో ఇది చాలాకాలంగా ఉంది. మన రేవుల్లో టగ్గుల వంటి చిన్న పడవలకు ముందు మొదలై, పెద్ద ఓడలకు మెల్లగా వస్తోంది. ఇది కావాలి, తొందరగా కావాలి.

అయితే ఇక్కడ కూడా పాత తప్పే జరగొచ్చు, గమనించండి. ఒడ్డు నుంచి ఓడకు ఇచ్చే కరెంటు ఎక్కడిది? అది వల్లూరు బొగ్గుదే అయితే రాయపురంలో ఓడ పొగ ఆగి, ఎన్నూరులో పొగగొట్టం పొగ పెరుగుతుంది. 2011 కథే మళ్లీ. అందుకని తీగతో పాటు ఎండ కరెంటు, గాలి కరెంటు కూడా ఒప్పందంలో ఉండాలి. తమిళనాడుకు గాలి కరెంటు కొత్త కాదు, ఆరల్వాయిమొళి కనుమలో గాలిమరల వరసలు కన్యాకుమారి వెళ్లిన ప్రతివాళ్లూ చూసినవే.

నియమం పెడితే ఓడలవాళ్లు వింటారా అని సమావేశంలో ఒకరు అడిగారు. విన్నారు. ఓడ ఇంధనంలో గంధకం 3.5 శాతం దాకా ఉండనిచ్చేవారు. 2020 జనవరి 1 నుంచి 0.5 శాతం మించకూడదని అంతర్జాతీయ నౌకా సంస్థ నియమం పెట్టింది. అంత పెద్ద పరిశ్రమ, అన్ని దేశాల జెండాలు, ఒక్క తేదీ నుంచి మారాల్సి వచ్చింది. మన దేశంలో కూడా 2024లో డీజిలు టగ్గుల స్థానంలో హరిత టగ్గులు తేవాలన్న పథకం మొదలైంది. తొలి విడతకు నాలుగు రేవులను ఎంచుకున్నారు: ముంబై పక్కన జవహర్‌లాల్ నెహ్రూ రేవు, కాండ్లా, పారాదీప్, తూత్తుక్కుడి. ఆ నాలుగింటిలో చెన్నై లేదు. ఎందుకు లేదని అడగడానికి మనం పెద్ద ఇంజనీర్లం కానక్కర్లేదు.

ఇంతవరకూ పొగ గురించి. ఇక తుఫాను గురించి. తీర్మానంలో ఈ రెండో భాగం ఎందుకని కొందరు అడిగారు. పొగ తగ్గించడమనేది రేపటి తుఫానులు మరీ ముదరకుండా చూసే పని. ఇవాళ్టి తుఫానుకు తట్టుకోవడం వేరే పని. రెండూ చెయ్యాలి, ఒకటి చేశామని రెండోది వదలకూడదు.

చెన్నై రేవుకు తుఫానులతో పరిచయం పుట్టుకతోనే ఉంది. ఇక్కడ సహజంగా రేవుకు అనువైన చోటేమీ లేదు. తెరిచిన తీరం మీద రాళ్ల గోడలు సముద్రంలోకి కట్టి రేవు చేశారు. ఆ గోడలు దాదాపు పూర్తయ్యే సమయానికి 1881 నవంబరులో తుఫాను వచ్చి చాలా భాగం కొట్టుకుపోయింది. మళ్లీ కట్టారు. ఇసుక పేరుకుపోతుంటే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఫ్రాన్సిస్ స్ప్రింగ్ అనే ఇంజనీరు రేవు ముఖద్వారాన్ని తూర్పు నుంచి ఈశాన్యానికి మార్చాడు. సముద్రం మారినప్పుడల్లా రేవు తనను తాను మార్చుకుంటూ వచ్చింది. ఆ తెలివి ఆ రేవుకు ఉంది. మన బాధల్లా ఆ తెలివి గోడ దాటి బయటికి రాకపోవడమే.

ఆ రాళ్ల గోడల వల్ల బయట ఏం జరిగిందో చూడండి. మన తీరంలో అలలు ఏడాదిలో ఎక్కువకాలం ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతాయి. రేవు గోడ అడ్డం వచ్చింది. దక్షిణాన ఇసుక ఆగి ఆగి మెరీనా వెడల్పయింది. సాయంత్రం శనగలు తింటూ మనం నడిచే ఆ విశాలమైన ఇసుక చాలామటుకు రేవు పెట్టిన భిక్ష. ఉత్తరాన రాయపురం నుంచి ఎన్నూరు దాకా రావాల్సిన ఇసుక రాలేదు. సముద్రం ఒడ్డును తిన్నది, కుప్పాలను తిన్నది, రోడ్డు దాకా వచ్చింది. అందుకే ఇవాళ అటువైపు ఇసుక తీరం ఉండాల్సిన చోట నల్లరాళ్ల గుట్టలు పోసి ఉంటాయి. ఒక రాళ్ల వరస వేస్తే దాని ఉత్తరం పక్క కోత మొదలవుతుంది, అక్కడ ఇంకోటి వేస్తారు. ఊరికి దక్షిణం వైపు లాభం, ఉత్తరం వైపు నష్టం. ఉత్తరాన ఉన్నది ఎవరో మనకు తెలుసు.

తరవాత ఎన్నూరు కడలిముఖం. నది, బకింగ్‌హాం కాలువ, సముద్రం కలిసే చోటు అది. పైనుంచి వచ్చిన వరద నీళ్లు పోవడానికి ఉత్తర చెన్నైకి ఉన్న ముఖ్యమైన దారి. అక్కడి చిత్తడి నేలలు, మడ చెట్లు వాననీటిని పీల్చుకుని నిలబెడతాయి. ఆ నేల మీదే గోదాములు, బూడిద గుంటలు, రోడ్లు వచ్చాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటబోయే ముందు చెన్నైలో రెండు రోజులు కురిపించిన వాన మనమెవరం మర్చిపోలేదు. ఆ వరదలోనే మణలి పారిశ్రామికవాడ వైపు నుంచి నూనె కలిసి కడలిముఖంలోకి వచ్చింది. ఇళ్ల గోడల మీద, పడవల మీద, వలల మీద నల్లటి జిడ్డు. అంతకు ఆరేళ్ల ముందు 2017 జనవరి 28న ఎన్నూరు రేవు బయట రెండు ఓడలు ఢీకొని నూనె ఒడ్డుకు కొట్టుకొస్తే, దాన్ని బకెట్లతో తోడటం దేశమంతా టీవీలో చూసింది. ఆరేళ్ల తరవాత కూడా మన దగ్గర ఉన్నవి బకెట్లే. ఓడలు అంత పెద్దవి, క్రేన్లు అంత పొడుగువి, నూనె ఒలికితే మాత్రం బకెట్టు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మన అలవాటని సరిపెట్టుకోనక్కర్లేదు, ఒడిశా అనుభవం ఇంకో దారి చూపిస్తోంది. 1999 అక్టోబరు 29న పారాదీప్ దగ్గర తీరం దాటిన పెను తుఫానులో దాదాపు పదివేల మంది చనిపోయారు. పారాదీప్ బస్తీల్లోని మనవాళ్లు కూడా అందులో ఉన్నారు. తరవాత కేంద్రపడా జిల్లాలో చేసిన అధ్యయనంలో, సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా మిగిలి ఉన్న ఊళ్లలో మరణాలు తక్కువని తేలింది. ఆ తరవాత ఒడిశా తుఫాను భవనాలు కట్టింది, ముందుగానే జనాన్ని తరలించడం నేర్చుకుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు లక్షలాది మందిని ముందే ఖాళీ చేయించారు. చనిపోయినవాళ్లు వేలల్లో కాదు, పదుల్లో. బరంపురం సభ్యులు ఆ రాత్రి గురించి మనకంటే బాగా చెప్పగలరు, వీలైతే కింద రాయండి. పదిహేనేళ్లలో అంత మార్పు సాధ్యమైంది. మడ అడవి, భవనం, ముందస్తు హెచ్చరిక, ఈ మూడింటికీ ఏ కొత్త విజ్ఞానమూ అక్కర్లేదు.

ఇప్పుడు పెద్దాయన మాటకు వద్దాం. దాన్ని దాటవేయడం మాకు ఇష్టం లేదు. ఆయన మనసులో ఉన్నది కృతజ్ఞత ఒక్కటే కాదు, భయం కూడా. రేవు మీద ఒత్తిడి పెడితే సరుకు ఇంకో రేవుకు పోతుంది, మన పిల్లల పనులు పోతాయి అని. 2011లో బొగ్గు వెళ్లినప్పుడు దానితో పాటు కొన్ని కూలి పనులు వెళ్లిన మాట నిజం. ఆ కుటుంబాలు మన మధ్యే ఉన్నాయి. దుమ్ము పోయిందని పండగ చేసుకున్నప్పుడు ఆ ఇళ్ల వైపు కూడా మనం చూడలేదు. అదీ మన తప్పే.

కానీ పనులు పోయేది అర్జీల వల్లేనా? 1983లో ఇక్కడ కంటైనర్ టెర్మినల్ వచ్చింది. మూటలు మోసే చేతుల పని క్రేను చేసింది. దాన్ని ఏ పర్యావరణవాదీ తేలేదు. రేపు డీజిలు టగ్గు స్థానంలో బ్యాటరీ టగ్గు వస్తుంది, డీజిలు లారీ స్థానంలో కరెంటు లారీ వస్తుంది. మనం అడిగినా వస్తుంది, అడగకపోయినా వస్తుంది. అడిగితే ఒక తేడా ఉంటుంది: ఆ బ్యాటరీ టగ్గు నడిపే పని, ఆ తీగలు బిగించే పని, ఆ మరమ్మతు పని మన పేటల పిల్లలకు నేర్పించమని ఒప్పందంలో రాయించుకోవచ్చు. అడగకపోతే బయటి కాంట్రాక్టరు బయటివాళ్లను తెచ్చుకుంటాడు. అన్నం పెట్టిన ఇంటిని మంచి చెప్పి సరిచేయడం ద్రోహం కాదు, పెద్దాయన తన ఇంట్లో కొడుకులకు చెప్పే మాటే అది.

అందువల్ల మేము తీర్మానాన్ని కొంచెం మార్చి మళ్లీ మీ ముందు పెడుతున్నాం. అడుగుతున్నవి ఇవి:

ఒకటి. చెన్నై, కామరాజర్ రేవుల కర్బన లెక్క, దుమ్ము లెక్క రెండూ కలిపి ఏటా ప్రకటించాలి. టన్నుకు ఎంత అన్నదే కాకుండా మొత్తం ఎంత అన్నది కూడా ఉండాలి. గేటు బయట వరసలో నిలబడ్డ లారీలు, ఒడ్డుకు కట్టేసిన ఓడలు ఆ లెక్కలో కనిపించాలి. ఆ కాగితం తమిళంలోనూ తెలుగులోనూ ఉండాలి.

రెండు. ఒక చోట పొగ తగ్గించే ప్రతి పనికీ, అది ఇంకో చోట పొగ పెంచదని చూపించాలి. ఓడలకు ఒడ్డు కరెంటు ఇస్తే అది బొగ్గు కరెంటు కాకూడదు.

మూడు. లారీలకు ముందే సమయం కేటాయించి, ఆ సమయానికే గేటు దగ్గరికి రమ్మనే పద్ధతి గట్టిగా అమలు కావాలి. డ్రైవర్లకు ఊరి బయట నిలిపే చోటు, నీళ్లు, మరుగుదొడ్డి కావాలి. వంతెన పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేని పని ఇది.

నాలుగు. ఎన్నూరు కడలిముఖంలో మిగిలిన చిత్తడి నేలను, మడ చెట్లను ముట్టుకోకూడదు. రేవును కాపాడటానికి వేసే ప్రతి ప్రణాళికలోనూ గోడ బయటి కుప్పాలు, పేటలు ఉండాలి. నూనె ఒలికితే వాడే తేలుడు అడ్డుగోడలు, పంపులు దగ్గర్లోనే సిద్ధంగా ఉండాలి. వాటిని వాడటం మొదట నేర్పాల్సింది అక్కడి చేపలవాళ్లకే, ఆ నీళ్లు వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియవు.

ఐదు. కొత్త పనుల శిక్షణలో ఉత్తర చెన్నై యువతకు, 2011లో పని పోగొట్టుకున్న కుటుంబాల పిల్లలకు వాటా ఉండాలి.

కొందరు ఒక మాటన్నారు: మనది భాషా సంఘం, ఉగాది జరుపుకోవాలి, పద్యాల పోటీ పెట్టుకోవాలి, ఈ గొడవలు మనకెందుకు అని. మేమూ ఉగాది కోసమే చందా వసూలు చేస్తాం, పద్యాల పోటీకి బహుమతులు మేమే కొంటాం. కానీ పద్యం చదవాల్సిన పిల్లకు ఊపిరి ఆడాలి కదా. ఎన్నూరులో మన తెలుగు తరగతికి పదకొండు మంది పిల్లలు వస్తారు. వాళ్లలో ముగ్గురి సంచిలో పుస్తకంతో పాటు ఆయాసానికి పీల్చే మందు ఉంటుందని ఆ తరగతి చెప్పే అక్క మాతో అంది. దానికి కారణం ఫలానాదని మేము అనడం లేదు, చెప్పడానికి మేము డాక్టర్లం కాము. అడగాల్సిన బాధ్యత మనకుందని మాత్రం అంటున్నాం.

వచ్చే సమావేశం ఎప్పటిలా నెల రెండో ఆదివారం, సాయంత్రం ఐదింటికి. ఈసారి రాయపురంలో కాకుండా ఎన్నూరులో, ఆ తెలుగు తరగతి జరిగే గదిలోనే పెట్టుకుందామని కమిటీ నిర్ణయించింది. గది చిన్నది, ఫ్యాను ఒక్కటే ఉంది, కొందరు బయట నిలబడాల్సి రావచ్చు. సెంట్రల్ నుంచి గుమ్మిడిపూండి లోకల్ ఎక్కితే ఎన్నూరు స్టేషనులో దిగొచ్చు, అక్కడి నుంచి పిల్లలు దారి చూపిస్తారు. పెద్దాయనకు మేము ఫోను చేశాం. ఒప్పుకుంటానని ఆయన చెప్పలేదు, వస్తానని మాత్రం చెప్పారు. మాకు అది చాలు. మీరూ రండి.